పదార్థం ఒక్కటే, స్థితులు వేరు: ప్రాథమిక తరగతులకు ఘన, ద్రవ, వాయువుల పాఠం

ప్రాథమిక తరగతుల్లో పదార్థ స్థితుల పాఠం చాలాసార్లు ఒక పట్టికతో మొదలవుతుంది. రాయి, చెక్క, ఇనుము ఘన పదార్థాలు. నీరు, నూనె, పాదరసం ద్రవ పదార్థాలు. గాలి, ఆక్సిజన్, నీటి ఆవిరి వాయు పదార్థాలు. పట్టికలో తప్పేమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికి సులువు కూడా. అయితే దానిని వల్లె వేసిన పిల్లల మనసులో మరొక అభిప్రాయం నాటుకుపోతుంది. ఘనంగా ఉండటం ఇనుము స్వభావమని, ద్రవంగా ఉండటం పాదరసం స్వభావమని, వాయువుగా తప్ప ఆక్సిజన్ మరోలా ఉండదని వారు అనుకుంటారు. నిజానికి ఘన, ద్రవ, వాయు అనేవి పదార్థాల రకాలు కావు. ఒక పదార్థం ఫలానా ఉష్ణోగ్రత వద్ద, ఫలానా పీడనం కింద ఎలా ఉందో తెలిపే పేర్లు మాత్రమే. ఈ తేడాను మొదటి పాఠంలోనే పట్టించుకుంటే పై తరగతుల్లో ఎదురయ్యే సగం తికమకలు పుట్టనే పుట్టవు.

ఈ పొరపాటు పిల్లలకే పరిమితమైనది కాదు. ప్రవహించడం పాదరసానికి విడదీయలేని గుణమని ఒకప్పుడు పండితులు కూడా నమ్మారు. 1759 చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జోసెఫ్ ఆడమ్ బ్రౌన్, మిఖాయిల్ లొమొనోసోవ్ మంచులో ఆమ్లం కలిపి తయారుచేసిన అతిశీతల మిశ్రమంలో ఉష్ణమాపకాన్ని ఉంచినప్పుడు దానిలోని పాదరసం గడ్డకట్టింది. బయటికి తీసి చూస్తే మిగతా లోహాల మాదిరిగానే సుత్తి దెబ్బకు సాగింది. పాదరసం గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 39 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరలో ఉంటుందని ఇప్పుడు తెలుసు. మనుషులు నివసించే ప్రాంతాల్లో అంత చలి అరుదు కనుక పాదరసం ద్రవంగా కనిపిస్తుంది, అంతే. సగటు ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలుండే గ్రహం మీద ఎవరైనా ఇదే పట్టిక రాస్తే పాదరసం ఇనుము పక్కన చేరుతుంది, నీరు రాళ్ల వరుసలోకి వెళుతుంది.

గాలి కూడా పదార్థమే

స్థితుల గురించి చెప్పే ముందు పదార్థం అంటే ఏమిటో తేలాలి. ద్రవ్యరాశి కలిగి, కొంత చోటును ఆక్రమించే ప్రతిదీ పదార్థమే. రాయి విషయంలోనూ నీటి విషయంలోనూ పిల్లలకు అనుమానం రాదు. చిక్కంతా గాలి దగ్గరే వస్తుంది. అది కంటికి కనిపించదు, చేతికి దొరకదు, బరువున్నట్టు అనిపించదు. అందువల్ల గాలి చోటును ఆక్రమిస్తుందన్న మాటను చెప్పి ఊరుకోకుండా చూపించాలి. గాజు గ్లాసు అడుగున ఒక కాగితాన్ని ఊడిపోకుండా ఇరికించి, గ్లాసును బోర్లించి, వంగకుండా నిటారుగా నీటి తొట్టిలో ముంచితే కాగితం తడవదు. గ్లాసును కాస్త పక్కకు వంచగానే బుడగలు పైకి వస్తాయి, నీరు లోపలికి చొరబడుతుంది. అంతవరకు నీటిని లోపలికి రానివ్వకుండా ఆపింది గ్లాసులోని గాలే.

గాలికి బరువుందని చూపడానికి బెలూన్లను త్రాసుకు వేలాడదీసే ప్రయోగాన్ని చాలామంది ఎంచుకుంటారు. అది అంత మంచి ఎంపిక కాదు. బెలూన్‌లో ఉన్న గాలి ఎంత బరువుందో దాదాపు అంత బలంతో చుట్టూ ఉన్న గాలి బెలూన్‌ను పైకి నెడుతుంది కనుక త్రాసులో తేడా చాలా స్వల్పంగా కనిపిస్తుంది. ఆటలకు వాడే గట్టి బంతిలో పంపుతో గాలిని బాగా దట్టించి, సున్నితమైన ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి, బంతి గుండ్రంగానే ఉండేటట్టు కొంత గాలిని మాత్రం వదిలి మళ్లీ తూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సముద్ర మట్టం వద్ద, సాధారణ ఉష్ణోగ్రతలో, ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 కిలోలు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 60 ఘనపు మీటర్ల గాలి, అంటే దాదాపు 72 కిలోల గాలి ఉంటుంది. ఒక పెద్ద మనిషి బరువున్నంత గాలి తమ గదిలో ఉందన్న సంగతి పిల్లలు తామే లెక్క కట్టి తెలుసుకుంటే మరచిపోరు.

వెలుతురు, నీడ, శబ్దం, వేడి పదార్థాలు కావు. వీటిని ఏ స్థితిలో చేర్చాలని పిల్లలు తప్పక అడుగుతారు. ఏ స్థితిలోనూ చేర్చనక్కరలేదు.

ఆకారం, ఘనపరిమాణం, నొక్కుడు

ఒక పదార్థం ఏ స్థితిలో ఉందో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. దానికి సొంత ఆకారం ఉందా, అది ఆక్రమించే చోటు, అంటే ఘనపరిమాణం, స్థిరంగా ఉంటుందా, నొక్కితే చెప్పుకోదగినంతగా కుంచించుకుపోతుందా అన్నవి ఆ ప్రశ్నలు. ఘన పదార్థానికి ఆకారమూ ఘనపరిమాణమూ రెండూ స్థిరం. ద్రవానికి ఘనపరిమాణం స్థిరమే కానీ సొంత ఆకారం లేదు, పాత్ర ఆకారమే దాని ఆకారం. వాయువుకు రెండూ లేవు. ఎంత చిన్న పాత్రలోనైనా ఇముడుతుంది, ఎంత పెద్ద పాత్రనైనా నింపుతుంది, మూత తీస్తే బయటికి వ్యాపిస్తుంది.

నిర్వచనాలు ఇంత తేలికగా ఉన్నా, పిల్లలు వేసే అభ్యంతరాలు తేలికైనవి కావు. రబ్బరు బ్యాండును లాగితే ఆకారం మారుతుంది, మరి అది ఘనపదార్థం ఎలా అవుతుంది? స్పాంజిని నొక్కితే చిన్నదవుతుంది కదా? గుడ్డను ఎలా మడిస్తే అలా మడతపడుతుంది కదా? వీటిని తెలివితక్కువ ప్రశ్నలుగా కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే నిర్వచనాన్ని శ్రద్ధగా విన్న పిల్లలే ఇలా అడుగుతారు. రబ్బరు బ్యాండు బలం ప్రయోగించినంతసేపే సాగి, వదలగానే మునుపటి ఆకారానికి వస్తుంది. దానిని ఒక డబ్బాలో వేస్తే డబ్బా ఆకారంలోకి పారి సర్దుకోదు. స్పాంజిలో లెక్కలేనన్ని గాలి గదులున్నాయి. నొక్కినప్పుడు బయటికి పోయేది గాలి, కుంచించుకుపోయినట్టు కనిపించేది ఆ ఖాళీ. నీటిలో ముంచి పిండితే వచ్చే బుడగలే దీనికి సాక్ష్యం. గుడ్డ వంగుతుంది కానీ ప్రవహించదు. ఘనపదార్థమంటే గట్టిగా ఉండేదని చెప్పి ఊరుకున్నప్పుడే ఈ చిక్కులన్నీ వస్తాయి. మైనం, దూది, రబ్బరు మెత్తనివే అయినా ఘనపదార్థాలే. గట్టిదనం వేరు, ఘనస్థితి వేరు.

అన్నిటికంటే మంచి అభ్యంతరం ఇసుకది. ఇసుకను ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి పోయవచ్చు, అది పాత్ర ఆకారాన్ని పొందుతుంది కూడా. ఉప్పు, పంచదార వంటి పొడులన్నీ ఇంతే. అయితే ఇసుకను నేల మీద పోస్తే కుప్పగా నిలుస్తుంది, నీటిని పోస్తే పరచుకుంటుంది. పాత్రలో పోసిన నీటి ఉపరితలం తనంత తానే సమతలమవుతుంది, ఇసుకను చేత్తో చదును చేయాలి. భూతద్దంతో చూస్తే ప్రతి ఇసుక రేణువుకూ తనదైన ఆకారం ఉన్నట్టు, పాత్ర మారినా ఆ ఆకారం మారనట్టు కనిపిస్తుంది. కనుక ఇసుక అనేక చిన్న ఘనపదార్థాల గుంపు. స్థితిని నిర్ణయించేటప్పుడు మొత్తం రాశిని కాక ఒక్క రేణువును చూడాలన్న మెళకువ ఇక్కడ అలవడుతుంది.

ద్రవాల విషయంలో పిల్లలకు కష్టమనిపించేది ఆకారం మారడం కాదు, ఆకారం మారినా పరిమాణం మారకపోవడం. స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే చేసిన పరిశీలన ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. వెడల్పు గ్లాసులోని నీటిని పిల్లల కళ్ల ముందే సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే, సుమారు ఏడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది ఇప్పుడు నీరు ఎక్కువైందని చెబుతారు. ఎత్తును చూసి వెడల్పును మరచిపోవడం దీనికి కారణం. మూడో తరగతికి వచ్చేసరికి చాలామంది ఈ దశను దాటుతారు కానీ అందరూ ఒకేసారి దాటరు. కొలపాత్రతో కొలిచి, ఆకారాలు వేరువేరుగా ఉన్న సీసాల్లో పోసి, మళ్లీ కొలపాత్రలోకే వంపి చూపకుండా ద్రవాల ఘనపరిమాణం స్థిరమన్న వాక్యాన్ని బోర్డు మీద రాసినందువల్ల ఉపయోగం తక్కువ.

నొక్కుడు సంగతి తేల్చడానికి సూది లేని రెండు ప్లాస్టిక్ సిరంజిలు చాలు. ఒకదానిలో గాలిని, మరొకదానిలో బుడగ లేకుండా నీటిని నింపి, కొనను వేలితో గట్టిగా మూసి, వెనక నుంచి నొక్కాలి. గాలి ఉన్న సిరంజిలో పిడి చాలా దూరం లోపలికి వెళ్లి, వదలగానే వెనక్కి తన్నుకొస్తుంది. నీరున్న సిరంజిలో పిడి కదలదు. 1662లో రాబర్ట్ బాయిల్ గాలి పీడనానికీ ఘనపరిమాణానికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు; ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం రెట్టింపైతే ఘనపరిమాణం సగమవుతుంది. సూత్రం ప్రాథమిక తరగతులకు అవసరం లేదు, వేలికి తగిలే ఆ ఒత్తిడి మాత్రం అవసరమే. ఈ పాఠం మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ చెప్పే ప్రయోగం ఇదే. గాలి కణాల మధ్య ఖాళీ ఉంది, నీటి కణాల మధ్య దాదాపు లేదు అన్న తర్వాతి మెట్టుకు ఇదే దారి వేస్తుంది.

స్థితుల మధ్య గీత ఎంత సన్నగా ఉంటుందో తెలిపే ఒక ప్రసిద్ధ ప్రయోగాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు 1927లో తారు జాతికి చెందిన పిచ్ అనే పదార్థాన్ని గాజు గరాటులో పోసి ఉంచాడు. సుత్తితో కొడితే గాజులా ముక్కలయ్యే ఆ నల్లని పదార్థం గరాటు కాడ నుంచి చుక్కలుగా జారుతూనే ఉంది. 2014 నాటికి పడినవి తొమ్మిది చుక్కలే. అంటే అది విపరీతంగా చిక్కనైన ద్రవం. ఎంత త్వరగా పారుతుందనేది చిక్కదనానికి సంబంధించిన విషయం, పారుతుందా లేదా అన్నదే స్థితికి సంబంధించిన విషయం. గాజు గురించి మాత్రం దీనికి తలకిందులైన కథ ఒకటి ప్రచారంలో ఉంది. పాత భవనాల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉండటాన్ని చూపి, గాజు శతాబ్దాలుగా మెల్లగా కిందికి పారుతోందని చెబుతుంటారు. ఆ రోజుల్లో గాజు పలకలు సమాన మందంతో తయారయ్యేవి కావు, బిగించేటప్పుడు మందపు వైపును కిందికి ఉంచడం సహజం. అసలు కారణం అదే. గాజులో కణాలు స్ఫటికంలో ఉన్నంత క్రమంగా అమరి లేవు కానీ సాధారణ ఉష్ణోగ్రతలో అది ఘనపదార్థమే.

లోపల కణాలు ఏం చేస్తున్నాయి

ఇంతవరకు చెప్పినవి చూసి, తాకి తెలుసుకోగల లక్షణాలు. ఇవి ఇలా ఎందుకున్నాయని అడిగితే జవాబు కణాల్లో ఉంది. పదార్థమంతా కంటికి కనిపించనంత చిన్న కణాలతో ఏర్పడింది, ఆ కణాలు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి, ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి, ఉష్ణోగ్రత పెరిగితే వాటి కదలిక హెచ్చుతుంది. ప్రాథమిక స్థాయిలో ఈ నాలుగు మాటలు చాలు. పరమాణువు, అణువు, అయాన్ అనే పేర్లు అప్పుడే చెప్పాల్సిన పని లేదు.

తరగతి గదుల్లో దీనిని పిల్లలతోనే ఆడించి చూపుతారు. వరుసల్లో ఒకరినొకరు ఆనుకుని నిలబడి, ఉన్నచోటే ఊగుతుంటే ఘనపదార్థం. గుంపుగా దగ్గరదగ్గరగానే ఉంటూ ఒకరిని దాటుకుని ఒకరు కదులుతుంటే ద్రవం. మైదానమంతా ఇష్టం వచ్చినట్టు పరుగెత్తి గోడలకు తగిలి వెనక్కి తిరుగుతుంటే వాయువు. ఆట మంచిదే కానీ ఒక చోట తప్పుదారి పట్టిస్తుంది. పిల్లలు కాసేపటికి అలసి ఆగిపోతారు. కణాలు అలసిపోవు, వాటిని కదిలించడానికి ఎవరూ నెట్టనక్కరలేదు.

కణాల ఈ ఎడతెగని కదలికకు కంటికి కనిపించే ఆనవాలును 1827లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ వర్ణించాడు. పుప్పొడి నుంచి వెలువడిన సూక్ష్మ రేణువులను నీటిలో వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే అవి అటూ ఇటూ వణుకుతూ తిరగడం కనిపించింది. ప్రాణం ఉండటం వల్ల కదులుతున్నాయేమోనని రాతిపొడితోనూ పరీక్షిస్తే అదీ అలాగే కదిలింది. కనిపించని నీటి కణాలు అన్ని వైపుల నుంచి ఢీకొనడమే ఇందుకు కారణమని 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ గణితంతో వివరించాడు. ఆ వివరణను కొలతలతో రుజువు చేసిన జాన్ పెరిన్‌కు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది. తరగతిలో ఒక గ్లాసు చన్నీళ్లలోనూ మరొక గ్లాసు గోరువెచ్చని నీళ్లలోనూ ఒక్కొక్క చుక్క సిరా వేసి కలపకుండా వదిలితే ఇదే సత్యం మరో రూపంలో కనిపిస్తుంది. వెచ్చని నీటిలో సిరా త్వరగా వ్యాపిస్తుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మల గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఘనపదార్థంలో కణాలు ఆనుకుని, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో ఇంకాస్త ఎడంగా ఉన్నట్టు మూడు గళ్లలో గీస్తారు. ఈ బొమ్మలో రెండో గడీ, మూడో గడీ రెండూ తప్పే. ద్రవంలోని కణాలు ఘనపదార్థంలోని కణాలకు దాదాపు సమానమైన దగ్గరితనంలోనే ఉంటాయి. తేడా అమరికలో ఉంది, ఎడంలో కాదు. నీటి సిరంజిని నొక్కలేకపోవడానికి కారణం అదే. వాయువులోనేమో ఎడం బొమ్మలో చూపినదాని కంటే చాలా ఎక్కువ. 100 డిగ్రీల వద్ద నీరు ఆవిరైతే సాధారణ పీడనంలో సుమారు 1,600 రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అంటే ప్రతి కణానికీ పక్క కణంతో ఉన్న దూరం సగటున దాదాపు పన్నెండు రెట్లు పెరిగినట్టు. ఆ దూరాన్ని నిజాయితీగా గీస్తే మూడో గడీలో ఒక్క కణం కూడా పట్టదేమో. ఆ కణాల మధ్య ఏముందని అడిగితే పిల్లలు గాలి ఉందని చెబుతారు. గాలి కణాల మధ్యే గాలి ఎలా ఉంటుందని తిరిగి అడిగితే ఆలోచనలో పడతారు. అక్కడ ఏమీ లేదు, ఖాళీయే.

వేడి తగిలినప్పుడు కణాలే ఉబ్బుతాయని, మంచు కరిగినప్పుడు కణాలే కరుగుతాయని అనుకోవడం మరొక సాధారణ పొరపాటు. మంచులోనూ నీటిలోనూ ఆవిరిలోనూ ఉన్నవి అవే కణాలు, అదే పరిమాణంలో ఉన్నవి. తడిగా ఉండటం, గట్టిగా ఉండటం గుంపు లక్షణాలు; ఒక్క కణానికి అవి లేవు.

స్థితి మారినప్పుడు

వేడి చేస్తే ఘనపదార్థం కరిగి ద్రవమవుతుంది, ద్రవం మరిగి వాయువవుతుంది; చల్లబరిస్తే ఇదే దారిలో వెనక్కి వస్తుంది. ద్రవీభవనం, బాష్పీభవనం, సాంద్రీకరణం, ఘనీభవనం అన్న నాలుగు పేర్లను పరీక్ష కోసం కంఠస్థం చేయించడంలోనే సమయమంతా పోతుంటుంది. వాటి కంటే ఆసక్తికరమైన సంగతి, కరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రత కదలకపోవడం. మంచుముక్కలున్న నీటిలో ఉష్ణమాపకం పెట్టి, కలియబెడుతూ మెల్లగా వేడి చేస్తే, చివరి ముక్క కరిగేవరకు సూచిక సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందుతున్న వేడి ఎటు పోతున్నట్టు? కణాలను పట్టి ఉంచిన అమరికను విడగొట్టడానికి ఖర్చవుతోంది. ఈ గుప్తోష్ణాన్ని 1760 ప్రాంతంలో స్కాట్లాండ్ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. ఒక గ్రాము మంచును కరిగించడానికి సుమారు 334 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) కావాలి. అంత వేడితో అదే ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా వేడెక్కించవచ్చు. మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి గ్రాముకు సుమారు 2,260 జౌళ్లు పడుతుంది. మరిగే నీటి కంటే ఆవిరి తగిలినప్పుడు గాయం ఎందుకు తీవ్రంగా ఉంటుందో ఈ అంకె చెబుతుంది. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ దాచుకున్న ఆ వేడినంతా అక్కడే వదులుతుంది. అందుకే మరిగించే ప్రయోగాలన్నీ పెద్దలే చేసి చూపాలి.

ఆరబెట్టిన గుడ్డల్లోని నీరు 100 డిగ్రీలు చేరకుండానే ఎలా పోతుందన్నది పిల్లల నుంచి వచ్చే మరొక న్యాయమైన ప్రశ్న. మరగడమూ ఇగరడమూ ఒకటి కావు. ఏ ఉష్ణోగ్రతలోనైనా ద్రవం ఉపరితలం మీద ఉన్న కణాల్లో కొన్ని తక్కిన వాటికంటే వేగంగా ఉంటాయి, అవి తప్పించుకుని గాలిలో కలుస్తాయి, ఇది ఇగరడం. మరగడంలో ద్రవమంతటా బుడగలు పుడతాయి, అది ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్దే జరుగుతుంది. మరిగే నీటిలోని పెద్ద బుడగల్లో ఉన్నది గాలి అని చాలామంది, పెద్దలు సహా, అనుకుంటారు. వాటిలో ఉన్నది నీటి ఆవిరి. వేడి చేయడం మొదలుపెట్టిన కొత్తలో గిన్నె గోడలకు అంటుకుని కనిపించే చిన్న బుడగలు మాత్రం నీటిలో కరిగి ఉన్న గాలివే.

ఆవిరి విషయంలో కన్ను కూడా మోసం చేస్తుంది. కెటిల్ మూతి నుంచి లేచే తెల్లని పొగలాంటిదాన్ని ఆవిరి అంటాం. నీటి ఆవిరి కంటికి కనిపించదు. మూతికి ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలాంటి చోటే నిజమైన ఆవిరి ఉంటుంది, దానికి కాస్త పైన తెల్లగా కనిపించేది చల్లబడి తిరిగి ద్రవమైన సన్నని నీటి తుంపర. మేఘాలూ పొగమంచూ ఈ కోవలోవే. చల్లని నీరున్న గ్లాసు బయటి వైపు పట్టే చెమ్మ గురించి అడిగితే నీరు లోపలి నుంచి కారిందని పిల్లలు చెబుతారు. లోపలి నీటిలో ఎర్రరంగు కలిపితే బయటి చుక్కలు రంగు లేకుండానే ఉంటాయి. గ్లాసును మూతపెట్టి తూచి, చెమ్మ పట్టాక మళ్లీ తూస్తే బరువు పెరిగి ఉంటుంది. గాలిలోని ఆవిరే చల్లని గాజును తాకి నీరైందని అప్పుడు వేరే చెప్పాల్సిన అవసరం ఉండదు.

కరిగిపోవడానికీ కరగడానికీ మధ్య తేడాను కూడా ఇక్కడే తేల్చాలి. వేడికి మంచు కరగడం స్థితి మార్పు. నీటిలో పంచదార కలిసిపోవడం స్థితి మార్పు కాదు, రెండు పదార్థాల కణాలు ఒకదానిలో ఒకటి కలవడం. మంచు కరగడానికి వేడి ఒక్కటే చాలు, పంచదార కలవడానికి నీరనే రెండో పదార్థం ఉండాలి. 100 గ్రాముల నీటిలో 10 గ్రాముల పంచదార వేస్తే 110 గ్రాముల ద్రావణం వస్తుంది. కనిపించకపోయినంత మాత్రాన ఏదీ మాయం కాలేదు. కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడు రెండు రకాల మార్పులూ పక్కపక్కనే జరుగుతాయి. మైనం కరగడం, ఒత్తి దగ్గర ఆవిరవడం స్థితి మార్పులు, వాటిని వెనక్కి తిప్పవచ్చు. ఆ ఆవిరి మండటం రసాయన మార్పు, అక్కడ మైనం మైనంగా మిగలదు. కర్పూరం, నాఫ్తలీన్, పొడి మంచు అని పిలిచే ఘన కార్బన్ డయాక్సైడ్ మాత్రం మధ్యలో ద్రవంగా మారకుండా నేరుగా వాయువులవుతాయి. దీనిని ఉత్పతనం అంటారు. పొడి మంచు మైనస్ 78.5 డిగ్రీల వద్ద ఉంటుంది కనుక పిల్లల చేతికి ఇవ్వకూడదు.

స్థితుల పాఠానికి నీటినే ఉదాహరణగా తీసుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. అందరికీ తెలిసిన పదార్థమే అయినా నీరు నలుగురి దారిలో నడవదు. ఎక్కువ పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి, వాటి ఘనరూపం తమ ద్రవంలోనే మునుగుతుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది, మంచు తేలుతుంది. నిండుగా నింపి గడ్డకట్టించిన సీసా పగలడం ఇందువల్లే. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికంగా ఉంటుంది కనుక చలి ప్రాంతాల్లో సరస్సులు పైనుంచి గడ్డకడతాయి, అడుగున చేపలు బతుకుతాయి. కరిగిన మైనంలో ఘన మైనం ముక్కను వేసి అది మునగడం చూపిస్తే నీరే విడ్డూరమని, నియమం మైనానిదని తెలుస్తుంది.

లొంగని వాయువులు

వేడి ఒక్కటే స్థితిని నిర్ణయించదు, పీడనానికీ అందులో పాలుంది. ఎవరెస్టు శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే కనుక అక్కడ నీరు సుమారు 70 డిగ్రీలకే మరుగుతుంది. పీడనాన్ని పెంచితే వాయువులు ద్రవాలవుతాయి. 1823లో మైకేల్ ఫారడే ఇలాగే క్లోరిన్‌ను ద్రవంగా మార్చాడు. అయితే ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ వంటివి ఎంత నొక్కినా లొంగకపోవడంతో వాటికి శాశ్వత వాయువులని పేరు పెట్టారు. ముందు తగినంత చల్లబరచకుండా ఎంత నొక్కినా ఫలితం లేదని తర్వాత తెలిసింది. 1877లో లూయీ కయ్యెటే, రవూల్ పిక్టే విడివిడిగా ఆక్సిజన్‌ను ద్రవీకరించారు, 1898లో జేమ్స్ డేవర్ హైడ్రోజన్‌ను సాధించాడు, 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ హీలియంను మైనస్ 269 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చాడు. ద్రవ ఆక్సిజన్ లేత నీలిరంగులో ఉంటుంది. శాశ్వతమన్న పేరు అలా చెరిగిపోయింది. ఒక్క హీలియం మాత్రం సాధారణ పీడనంలో ఎంత చల్లబరచినా ఘనంగా మారదు.

శని గ్రహపు ఉపగ్రహమైన టైటాన్ మీద ఇదంతా ప్రకృతిలోనే కనిపిస్తుంది. అక్కడ ఉపరితల ఉష్ణోగ్రత సుమారు మైనస్ 179 డిగ్రీలు. భూమి మీద వాయువుగా ఉండే మీథేన్ అక్కడ వానగా కురిసి సరస్సులుగా నిలుస్తుంది, నీరు బండరాయిలా గట్టిపడి ఉంటుంది. 2005 జనవరిలో అక్కడ దిగిన హైగెన్స్ అంతరిక్ష నౌక పంపిన చిత్రంలో గులకరాళ్లలా కనిపించినవి ఎక్కువగా నీటి మంచు గడ్డలేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

స్థితులు మూడేనా అని అడిగే పిల్లలకు కాదని చెప్పాలి, అంతకు మించి లోతుకు వెళ్లనక్కరలేదు. అతి తీవ్రమైన వేడిలో కణాల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మా ఏర్పడుతుంది. సూర్యుడూ నక్షత్రాలూ మెరుపు రేఖా ఆ స్థితిలో ఉన్నవే. సత్యేంద్రనాథ్ బోస్ ఆలోచన ఆధారంగా ఐన్‌స్టీన్ 1925 నాటికి ఊహించిన, బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అనే మరొక స్థితిని 1995లో అమెరికాలో రుబీడియం పరమాణువులను పరమ శూన్య ఉష్ణోగ్రతకు (సుమారు మైనస్ 273 డిగ్రీలు) అతి చేరువగా చల్లబరచి సాధించారు.

ఇక పరీక్షలో ఏమడగాలన్న సంగతి మిగిలింది. కింది వాటిలో ఘనపదార్థం ఏది అన్న ప్రశ్నకు పట్టిక కంఠస్థమైతే చాలు, స్థితి అంటే అర్థం కానక్కరలేదు. దానికి బదులు నాలుగు పదార్థాలు కరిగే, మరిగే ఉష్ణోగ్రతలను ఇచ్చి, వేరువేరు ఉష్ణోగ్రతల్లో వాటి స్థితిని అడగవచ్చు. నైట్రోజన్ మైనస్ 210 వద్ద కరిగి మైనస్ 196 వద్ద మరుగుతుంది. పాదరసం మైనస్ 39, 357 డిగ్రీల వద్ద. గాలియం అనే లోహం దాదాపు 30 డిగ్రీలకే కరిగి 2,000 దాటాక గానీ మరగదు. ఇనుము 1,538 వద్ద కరిగి సుమారు 2,860 వద్ద మరుగుతుంది. మైనస్ 200 డిగ్రీల వద్ద వీటిలో ద్రవం ఒక్క నైట్రోజనే, మిగతా మూడూ ఘనాలు. 25 డిగ్రీల వద్ద ఘనంగా ఉన్న గాలియం 35 డిగ్రీలకు ద్రవమవుతుంది. 3,000 డిగ్రీల వద్ద ఇనుముతో సహా నాలుగూ వాయువులే. నెగెటివ్ సంఖ్యలు ఇంకా నేర్చుకోని తరగతులకు గాలియం, ఇనుము, మైనం, నీరు ఇచ్చి సున్నాకు పైన ఉన్న ఉష్ణోగ్రతలతో ఇదే అడగవచ్చు, సంఖ్యారేఖ మీద గుర్తులు పెట్టి జవాబు రాయించవచ్చు.